తారీఖు తెలియని పెట్టె

ముక్కామల హేమలతను సూర్యకుమారి మొదటిసారి చూసింది తగవు పెట్టుకోవడానికి మేడ మెట్లెక్కి వెళ్ళిన రోజున.

1999వ సంవత్సరం, సెప్టెంబరు నెల. సింగపూరు సెరంగూన్‌లోని ఆ ఫ్లాటుల సముదాయంలో సూర్యకుమారి చాలాకాలంగా ఒంటరిగా కాపురముంటున్నది. ఆమె భర్త ఓడరేవులో ఉద్యోగం చేస్తూ, పదవీ విరమణకు ముందే కన్నుమూశారు. ఆమె అక్కడి బడిలోనే చిన్న తరగతులకు పాఠాలు చెప్పి, జుట్టు నెరిశాక ఇంటిపట్టున కూర్చున్నది. మధ్యాహ్న భోజనం తరువాత తీసే కునుకొక్కటే ఆమె తనకు తాను అనుమతించుకున్న భోగం. పై అంతస్తులోకి కొత్తగా దిగినవారెవరో ఆ కునుకును కొల్లగొడుతున్నారు. పాట అయితే ఆమె ఓర్చుకొనేదే. అది పాట కాదు. "ఆ" అని ఒకే ఒక్క కూత. ఊపిరి అయిపోయేదాకా సాగి ఆగుతుంది, మరి కాస్త ఎత్తున మళ్ళీ మొదలవుతుంది, ఇంకా ఎత్తుకు పోతుంది, ఒకచోటికి వచ్చేసరికి తెగిపోతుంది. ఆ తరువాత మళ్ళీ అట్టడుగునుంచి ఆరంభం.

తలుపు తీసిన అమ్మాయికి ముప్ఫై ఏళ్ళుంటాయేమో. మెడలో హెడ్‌ఫోన్లు పూసలదండలా వేలాడుతున్నాయి. సూర్యకుమారి ఇంగ్లీషులో సిద్ధం చేసుకొని వచ్చిన మందలింపు, గడప ముందున్న ముగ్గును చూసి తెలుగులోకి మారింది. అది పూర్తి కాకముందే ఆ అమ్మాయి క్షమాపణకు బదులు ఒక ప్రశ్న వేసింది.

"ఆంటీ, కిందికి బాగా వినపడుతోందా అండి? అయితే పై స్థాయిలో నా గొంతు వణుకుతోందో లేదో చెప్పండి."

తప్పును తప్పని చెప్పడమే జన్మంతా చేసిన మనిషి కావడంతో, సూర్యకుమారి ఆలోచించకుండానే జవాబిచ్చింది. "వణకడం లేదమ్మాయ్. చీలుతోంది."

ఆ ముఖంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది. "నాకూ అలాగే అనిపించిందండి," అన్నది నెమ్మదిగా. "మావారేమో ఏమీ లేదంటున్నారు."

కాఫీ తాగుతుండగా సంగతి బయటపడింది. హేమలతను అందరూ లత అంటారు. ఊరు అమలాపురం దగ్గర. మెడకు కుడివైపున ఒక గడ్డ లేచింది. చున్నీ చుట్టుకుంటే కనపడదు. నవంబరు చివర శస్త్రచికిత్స. గడ్డను తీసివేయక తప్పదనీ, గొంతును పలికించే నరం దానిని ఆనుకొని ఉన్నట్టుందనీ, ఆ నరం దక్కుతుందో లేదో కత్తి పెట్టాక గాని చెప్పలేమనీ వైద్యుడు దాపరికం లేకుండా చెప్పాడు. ప్రాణానికి మాత్రం భయం లేదన్నాడట. ఆ మాట వినగానే భర్త శశికాంత్ ఆసుపత్రి వరండాలోనే కళ్ళు మూసుకొని దేవుడికి దండం పెట్టుకున్నాడు. లతకు భయం మొదలైంది సరిగ్గా అప్పుడే.

ఆమె పేరున్న గాయని కాదు. పెళ్ళికి ముందు ఊళ్ళో పిల్లలకు పాటలు నేర్పేది. ఇక్కడికి వచ్చాక హాలులో ఒక మూలను పాటలగదిగా మార్చుకుంది. ఒక కీబోర్డు, నాలుగు వరుసలను విడివిడిగా పట్టే క్యాసెట్ రికార్డరు, ఒక మైకు. బట్టలారవేసే వెదురు గడలను అడ్డంగా నిలిపి, వాటి మీద బొంతలు వేలాడదీసి, గోడల ప్రతిధ్వనిని అణచింది. తన పాటకు తానే వాద్యం, తానే వంతపాట. కంప్యూటరు ఆ మూలలోనే కాదు, ఇంట్లోనే లేదు. సింగపూరు వచ్చేటప్పుడు ఆమె పెట్టిన ఏకైక షరతు అది. శశికాంత్ ఒక బ్యాంకు కంప్యూటర్లలో సంవత్సరాన్ని రెండంకెలతో రాసిన చోట్లనల్లా వెతికి సరిచేసే పనిమీద వచ్చినవాడు. 2000వ సంవత్సరం పుట్టగానే ఏవేవి ఆగిపోవచ్చునో అన్నం ముందు కూర్చొని రోజూ ఏకరువు పెట్టేవాడు. లిఫ్టులట, జీతాలట, విమానాలట. అదంతా విని విని ఆమెకు తేదీ తెలిసిన యంత్రమంటేనే నమ్మకం పోయింది.

"తారీఖు తెలియని పెట్టె ఒకటి కావాలి ఆంటీ," అన్నది. "దాన్లో నా గొంతు దాచుకుంటాను."

ఆ పెట్టెను శాంప్లర్ అంటారట. మైకులో పలికిన ధ్వనిని చిన్న ముక్కగా పట్టుకుంటుంది. కీబోర్డు మీద మెట్టు నొక్కితే ఆ ధ్వనినే ఆ మెట్టు స్థాయిలో తిరిగి పలుకుతుంది. క్యాసెట్‌లో పట్టిన పాట ఎన్నిసార్లు వేసినా ఆ పాటే. ఈ పెట్టెతో అయితే నిన్నటి గొంతుతో రేపటి పాటను పాడుకోవచ్చు. చిక్కు ఒకటున్నది. ఒక్క "ఆ"ను పట్టి అన్ని మెట్లకూ సాగదీస్తే అది పైన చిలకపలుకుగానూ, కింద ఆవులింతగానూ వినపడుతుంది. కాబట్టి రెండు మూడు మెట్లకొకసారి అసలు గొంతును విడిగా పట్టాలి. మధ్యాహ్నాల ఆ నిచ్చెన సాధన అందుకోసమే. కొత్తగా వస్తున్నవన్నీ కంప్యూటరుతో ముడిపడినవే గనుక, ఎవరో వాడి వదిలిన పాతదానినే వెతుక్కోవాలి. వాటిలో ఏది గొంతును ఉన్నదున్నట్టు పట్టుకుంటుందో, ఏది పాడుచేస్తుందో వెళ్ళి వింటేగాని తెలియదు.

"నాతో రండి ఆంటీ. మీ చెవి కావాలి. నేనేడుస్తానేమోనని మావారు అన్నిటినీ బాగుందనే అంటారు."

సూర్యకుమారి సరేనన్నది. ఇంటికి వచ్చాక గాని ఆ మాటకున్న బరువు ఆమెకు తెలిసిరాలేదు. బడిలో ఆమె తీర్పు తప్పయితే ఒక మార్కు అటో ఇటో అయ్యేది. ఇక్కడ తప్పయితే, ఆ పిల్ల బతికినన్నాళ్ళూ ఇంకెవరిదో గొంతుతో పాడుకోవలసి వస్తుంది.

మొదట వెళ్ళింది వుడ్‌ల్యాండ్స్‌కు. అక్కడ రంగనాథ్ అనే ఆయన పెళ్ళిళ్ళ బ్యాండులో వాయించడం మానుకొని తన సామాను అమ్ముతున్నాడు. తాతలనాడే వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆయన తెలుగులో తమిళమూ మలయ్ భాషా కలగలిసి ఉన్నాయి, మాట చివర అక్కడివాళ్ళలాగే "లా" తగిలించేవాడు. మకాన్ అయిందా అని భోజనం సంగతి అడిగి, పెట్టెను బల్ల మీద పెట్టి, దాని గుణగణాలు వర్ణించసాగాడు. దీని కడుపులోనే ఒక డిస్కు ఉన్నది. కరెంటు పోయినా, పదేళ్ళు అటకమీద పడేసినా, ఒకసారి పెట్టినది మరి పోదు.

లత ఆ పెట్టెలో ముందే ఉన్న వాద్యాల ధ్వనులేవీ వినలేదు. ఆమె పరీక్ష వేరు. సూర్యకుమారిని కిటికీవైపు తిప్పి నిలబెట్టింది. మలేసియాకు దారితీసే జొహోర్ వంతెన మీద లారీలు బారులు తీరి ఉన్నాయి. వెనకనుంచి "ఆ" అని వినపడుతుంది. పలికింది మనిషో, పెట్టెయో చెప్పాలి. సూర్యకుమారి ఒక్కసారీ పొరబడలేదు. పెట్టె పలికినప్పుడల్లా గొంతు వెనక ఎవరో పిండి జల్లిస్తున్నట్టు సన్నని సవ్వడి వినవచ్చింది.

"అంత హిస్ ఉంటే ఏంటి లా ఆంటీ?" అన్నాడు రంగనాథ్ నొచ్చుకుంటూ. "పెళ్ళిలో బిర్యానీ తినేవాడు హిస్ వింటాడా? ఈ పెట్టె నాకన్నా ఎక్కువ బతుకుద్ది, చూడండి."

లత నవ్వింది. నవ్వుతూనే అరచేతిని మెడకు ఆనించుకున్నది. కొత్తగా పాటల బృందం పెడుతున్నారా అని ఆయన అడిగితే, అవునండి అన్నది. తిరుగు రైలులో ఆమె ఒక్క మాటా మాట్లాడలేదు. మాటలను కూడా దాచుకుంటున్నదని సూర్యకుమారికి అర్థమై, తాను కూడా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నది.

రెండవ పెట్టె పాయా లేబర్‌లో దొరికింది. ఒక పాత కర్మాగార భవనం పై అంతస్తులో, మూతపడిన పాటల లాంజిల సామాను కొని అమ్మే దుకాణం. యజమాని చైనీయుడైన ఒక పెద్దాయన. స్విచ్చి వేయగానే పెట్టె అద్దం మీద వెలుగు వచ్చింది గాని, లోపల ఏమీ లేదు. ఇది ఇంతే అని ఆయన వివరించాడు. కరెంటు ఉన్నంతసేపే దీనికి జ్ఞాపకం. ఆపేముందు ఫ్లాపీల మీదికి ఎత్తుకోవాలి. ఎత్తుకోకపోతే పుట్టినప్పుడెలా ఉన్నదో మళ్ళీ అలాగే అయిపోతుంది. ఎత్తడానికి చాలాసేపు పడుతుంది.

సూర్యకుమారి ఇనుప బీరువా వైపు తిరిగి నిలబడింది.

"ఇది పెట్టె," అన్నది మొదటి కూతకు.

"కాదు ఆంటీ, నేనే."

మరొకటి. పలుకు చివర ఊపిరి సన్నగిలడం, దాని వెనక ఆ చిన్న చీలిక కూడా వినపడ్డాయి. "ఇది నువ్వు. సందేహం లేదు," అని సూర్యకుమారి జవాబుకు ఆగకుండానే వెనక్కి తిరిగింది. లత వేలు కీబోర్డు మెట్టు మీద ఇంకా అలాగే ఉన్నది. నోరు మూసి ఉన్నది. ఆ మూసిన నోటి ముందు లత గొంతు గదిలో ఇంకా మోగుతున్నది.

తోడు వచ్చిన పని నెరవేరింది, సరైన పెట్టె దొరికింది, అయినా సూర్యకుమారికి అక్కడినుంచి వెళ్ళిపోవాలనిపించింది. అంతవరకు ఆమె భయమంతా గొంతు పోతుందేమోనని. మనిషి ఎదురుగా ఉండగానే గొంతు మనిషిని విడిచి వేరే చోట ఉండగలదన్న సంగతి ఆమెకు అప్పటిదాకా తట్టలేదు.

కింద కాఫీ కొట్టులో కూర్చున్నప్పుడు ఆమె తన అభిప్రాయం చెప్పింది. వుడ్‌ల్యాండ్స్ పెట్టెనే తీసుకోమన్నది. హిస్‌కు చెవి అలవాటు పడుతుంది. మరిచిపోయే యంత్రాన్ని నమ్మి ఇంతటి వస్తువును దాని చేతిలో పెట్టడం తెలివైన పని కాదు.

"మరిచిపోని పెట్టె నాది కాని గొంతును జ్ఞాపకం పెట్టుకుంటే నాకేం లాభమండి?" అన్నది లత. "ఇది జ్ఞాపకం ఉంచుకోకపోతే నేను ఉంచుతాను. ఫ్లాపీలు మనచేతిలో పనేగా."

టాక్సీలో ఆ పెట్టెను తువ్వాలులో చుట్టి, పురిటిబిడ్డనెత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకొని ఇంటికి తెచ్చింది. శశికాంత్ దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "నన్ను తారీఖు అడగదుగా?" అన్నాడు. ఆ నెలలో అతడు చేసిన హాస్యం అదొక్కటే. పొడగరి, బక్కపలచని మనిషి. కళ్ళ కింద నల్లని వలయాలు. లత మెడవైపు చూడకుండా ఆమెతో మాట్లాడటం అతడు అలవాటు చేసుకున్నాడు. చూస్తే ఆమె కనిపెడుతుందని భయం.

రికార్డింగు మొదలయ్యేసరికి నవంబరు వచ్చింది. గొంతును శ్రమపెట్టవద్దని వైద్యుడు చెప్పాడు గనుక రోజుకు కాసేపే పాడాలనుకున్నారు. ఫ్యాను చప్పుడు మైకులో పడుతుందని ఆపేసేవారు. బొంతల నడుమ లత చెమటలు కక్కుతూ ఒక్కొక్క స్థాయినీ పలికేది. సూర్యకుమారి ఎదుట కుర్చీలో కూర్చొని, బాగుంటే వేలెత్తేది, లేకుంటే తల అడ్డంగా ఊపేది. తన తల ఊగినప్పుడల్లా లత కళ్ళలో కనబడే బెదురు ఆమెకు నిద్రలోనూ కనబడసాగింది. అయినా అబద్ధపు వేలు ఎత్తలేదు. కింది మెట్లు త్వరగానే కుదిరాయి. పైవాటి దగ్గర చీలిక. ఒక రోజు వచ్చేది, ఒక రోజు రాదు. ఆ రోజు కుదిరినవాటిని ఆ రోజే ఫ్లాపీల మీదికి ఎత్తితే బాగుండేది. అయితే అన్ని మెట్లనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి, అతుకులు వినపడకుండా సరిచేస్తేగాని లతకు తృప్తి లేదు. అందుకని పెట్టెను ఆపకుండా రాత్రింబవళ్ళు కరెంటు మీదనే ఉంచింది. చివరి మెట్టు కూడా పడ్డాక మొత్తం కలిపి ఎత్తుకుందామన్నది. సూర్యకుమారి రెండుసార్లు హెచ్చరించి ఊరుకున్నది.

శస్త్రచికిత్స ఇక మూడు రోజులున్నదనగా చివరి మెట్టు పడింది. చీలిక లేదు, వణుకు లేదు. సూర్యకుమారి వేలెత్తింది, లత ఆమె వేలిని పట్టుకొని కళ్ళకద్దుకున్నది. ముందు కాస్త టీ తాగి, తీరికగా కూర్చొని ఫ్లాపీలకు ఎత్తుదామని ఇద్దరూ వంటగదిలోకి వెళ్ళారు.

అప్పటికే ఆకాశం బొగ్గులా ఉన్నది. ఉరుము వినపడింది. శశికాంత్ ఆ రోజు త్వరగా వచ్చాడు. తాళం తీసుకొని లోపలికి రావడం, కిటికీలు మూయడం వాళ్ళకు వినపడుతూనే ఉన్నది. రెండో ఉరుముకు ఊళ్ళో తన తల్లి ఏం చేసేదో, తన నాయనమ్మ ఏం చేసేదో, అతడూ అదే చేశాడు. చిన్ననాటినుంచి చెయ్యి దానంతటది చేసే పని. హాలులో గోడ మీది స్విచ్చులన్నీ టప్, టప్, టప్ మని ఆపేశాడు.

లత చేతిలో పంచదార చెంచా గాలిలో ఆగిపోయింది.

ఆమె పరుగెత్తలేదు. మెల్లగా హాలులోకి వెళ్ళి, నల్లబడిన అద్దం ముందు నిలబడింది. స్విచ్చి మళ్ళీ వేసింది. వెలుగు వచ్చింది. లోపల ఏమీ లేదు. శశికాంత్ ఆమె ముఖాన్నీ పెట్టెనూ మార్చి మార్చి చూశాడు.

"పిడుగు పడుతుందేమోనని..." అన్నాడు. ఆ మాట అంటూ ఉండగానే అతనికి అంతా తెలిసిపోయింది. ఏడాదిగా బ్యాంకులో గుమాస్తానుంచి మేనేజరు దాకా అందరిచేతా పూటపూటా బ్యాకప్ తీయించినవాడు అతడే.

"ఇవాళ కూడా బ్యాకప్ పాఠం చెప్పే వచ్చారా అండి?" అని అడిగింది లత. వేళాకోళంగానే అనబోయింది. చివరి మాట దగ్గర గొంతు చీలింది.

అతడు నేలమీద కూలబడి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. నేను ముందే చెప్పాను కదా అన్న వాక్యం సూర్యకుమారి నాలుక చివరదాకా వచ్చింది. ఆమె దాన్ని మింగి, వంటగదిలోకి వెళ్ళి టీ మూడు కప్పుల్లో పోసింది.

మరునాడు ఉదయమే లత కబురంపింది. ఆ రాత్రి ఎంత ఏడ్చిందో ఎవరూ అడగలేదు. గొంతు బొంగురుపోయి ఉన్నది. ఈసారి ఒక్కొక్క మెట్టు పడగానే ఫ్లాపీకి ఎత్తారు. యంత్రం కరకరలాడుతూ రాసుకొనేంతసేపూ ముగ్గురూ దానినే చూస్తూ కూర్చున్నారు. గోడ స్విచ్చి ముందు శశికాంత్ కుర్చీ వేసుకొని కాపలా కూర్చున్నాడు. కింది అయిదు మెట్లు నిలిచాయి. ఆరవదానికి గొంతు లేవలేదు. సూర్యకుమారి తల ఊపింది. లత మళ్ళీ పలికింది. మళ్ళీ తల ఊపింది. నాలుగోసారికి లత మైకును తానే ఆపేసి, బొంతలు మడతపెట్టడం మొదలుపెట్టింది.

గడ్డ నరాన్ని చుట్టివేసిందనీ, విడదీయడం సాధ్యపడలేదనీ ఆసుపత్రిలో చెప్పారు. లత ప్రాణంతో బయటికి వచ్చింది. గాయం మానింది. మాట్లాడితే మాటకు బదులు గాలి వచ్చేది. ఎదుటివారు చెవి దగ్గర పెడితే ఆ గాలిలో మాటలుండేవి.

జనవరి ఒకటవ తేదీన ఏమీ ఆగిపోలేదు. లిఫ్టులు నడిచాయి, జీతాలు పడ్డాయి. శశికాంత్ భయపడినవన్నీ క్షేమంగా ఉన్నాయి. మధ్యాహ్నాలు సూర్యకుమారి మంచం మీద వాలితే పైనుంచి మళ్ళీ "ఆ" వినపడేది. పాత గొంతే, కాస్త బొంగురు. అయిదు మెట్లు ఎక్కి ఆగి, మళ్ళీ దిగేది. లత ఆ అయిదింటిలోనే ఇమిడే పాటలు కట్టుకుంటున్నది. అది వినపడినంతసేపూ సూర్యకుమారికి కునుకు పట్టేది కాదు. పైన ఇప్పుడు ఆ నోరు మూసి ఉంటుందని ఆమెకు తెలుసు.

అంతకన్నా ఆమెను కలవరపెట్టినది వేరొకటి. చూడవచ్చిన తెలుగువాళ్ళు లత ఎదుటనే కూర్చొని, ఆమె ఎలా ఉన్నదని శశికాంత్‌ను అడిగేవారు. ఆమెకు కాఫీలో పంచదార ఎంత అని కూడా అతడినే అడిగారు. మొదట్లో లత పెదవులు కదిపేది. ఆ కదలిక పూర్తికాకముందే అతడు జవాబు చెప్పేసేవాడు, ఆమెకు శ్రమ తప్పించాలని. కొన్నాళ్ళకు ఆమె పెదవులు కదపడం మానేసింది. అమలాపురంనుంచి తల్లి ఫోను చేస్తే, కూతురు "అమ్మా" అనగానే, అల్లుడికివ్వమ్మా అనేదట, వినపడక. ఒకనాడు మెట్ల మీద ఎదురైనప్పుడు సూర్యకుమారి కూడా "లత భోంచేసిందా?" అని పక్కనున్న శశికాంత్‌ను అడిగింది. అడిగాక లత చూపు తన ముఖం మీద నిలవడం గమనించింది.

ఏప్రిల్‌లో బ్యాంకు పని ముగిసింది. శశికాంత్‌కు హైదరాబాదులో కొత్తగా పెట్టిన కంపెనీలో ఉద్యోగం వచ్చింది. చాంగీ విమానాశ్రయానికి సూర్యకుమారి వాళ్ళతోపాటు వెళ్ళింది. శశికాంత్ సామాను బరువు తూయించడానికి వెళ్ళినప్పుడు ఆడవాళ్ళిద్దరూ ఒక స్తంభం పక్కన నిలబడ్డారు. చుట్టూ ప్రకటనల హోరు. లత ఏదో చెబుతున్నదని పెదవులు చూసి గ్రహించి, సూర్యకుమారి అలవాటుగా శశికాంత్ కోసం అటు చూడబోయింది. లత ఆమె గడ్డం పట్టి తనవైపు తిప్పుకున్నది; చెవికి నోరు ఆనించి, ఒక్కొక్క మాటకూ ఊపిరి కూడగట్టుకొని అడిగింది.

"ఫోను చేస్తారుగా ఆంటీ. నా మాట వినపడకపోతే ఆయనకివ్వమనకండి. మళ్ళీ చెప్పమని నన్నే అడగండి."